కామేశం గారి పిత్తాశయం

కామేశం గారు పెళ్లి చేయిస్తే మంత్రం ఒక్కటి ఎగిరిపోదనీ, ముహూర్తం ఒక్క క్షణం దాటదనీ తాడేపల్లిగూడెంలో పేరు. ఇంకో గొప్ప కూడా ఉంది గానీ దాన్ని ఊరు చెప్పేది కాదు, ఆయనే చెప్పుకునేవారు. "పెళ్లిపీటల ముందు కూర్చున్నానంటే తలంబ్రాలు పడేదాకా పచ్చిగంగ ముట్టనండీ!"

తలంబ్రాలు పడ్డాక మాత్రం ఆ బాకీ అంతా బంతిలో తీర్చేసేవారు. పులిహోర, గారెలు, బొబ్బట్లు, బొబ్బట్ల మీద చెంచాలు లెక్కపెట్టకుండా నెయ్యి. ఆయన భార్య శ్యామల హైస్కూల్లో తెలుగు టీచరు. ఇంటికొచ్చిన ఆయన ఆయాసపడుతూ నడుం వాల్చడం చూసి, "పొద్దంతా పస్తు, ఆ తరవాత పండగ. ఇదేం పద్ధతండీ?" అనేది. "దీన్ని నిష్ఠ అంటారు" అని ఆయన అటు తిరిగి పడుకునేవారు.

రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేసిన దగ్గర్నుంచి ఆయన మెట్లెక్కడం తగ్గించారు గానీ, పస్తూ తగ్గలేదు, పండగా తగ్గలేదు.

మాఘమాసంలో ముదినేపల్లిలో ఒక పెళ్లి. పగటి ముహూర్తం. తెల్లవారకుండా బయల్దేరి, మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా మంత్రాలు చదివి, ఆపైన బంతిలో కూర్చుని అలవాటుగా కానిచ్చారు. చేతులు కడుక్కుని కండువాతో తుడుచుకుంటూ ఉండగా పొట్ట పైభాగంలో పొడిచింది. ఏదో గ్యాసు అనుకున్నారు. కాసేపటికి ఎవరో అక్కడ మేకు పెట్టి సుత్తితో కొడుతున్నట్టూ, ఆ మేకు మొన వీపులోంచి బయటికి వస్తున్నట్టూ అయింది. కుర్చీలో ముందుకి వంగి కూర్చుంటే కొంచెం నయం. వెనక్కి వాలితే ప్రాణం పోతోంది. తిన్నదంతా వాంతి అయింది.

ఆ పెళ్లికి మేళం బాజీది. ఏలూరు బాజీ సన్నాయి, కామేశం మంత్రం అంటే పాతికేళ్లుగా జంట. బాజీ సన్నాయిని గుడ్డలో చుట్టి శిష్యుడికి అప్పగించి దగ్గరికొచ్చాడు.

"నొప్పి వీపులోకి పోతోందాండీ?"

కామేశం గారు తలూపారు.

"అయితే నాకు తెలుసండీ ఇది. పోయినేడు నాకూ వచ్చింది. పదండి ఏలూరు."

"గుండె ఏమో బాజీ..."

"గుండె అయినా ఏలూరే, పొట్ట అయినా ఏలూరేనండీ. లేవండి."

ఆసుపత్రిలో ముందు గుండెనే చూశారు. కొత్తగా ఏమీ లేదన్నారు. రక్తం తీశారు, స్కాన్ తీశారు. శ్యామల స్కూల్లోంచి సరాసరి రైలెక్కి వచ్చేసరికి ఆయనకి సెలైన్ ఎక్కుతోంది. పొట్ట జబ్బుల డాక్టరు స్నేహలత మంచం పక్కన నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, మాట నెమ్మది.

"మీ గాల్‌బ్లాడర్‌లో, అదే పిత్తాశయంలో, సన్న సన్న రాళ్లున్నాయండీ. లివర్ నుంచి పైత్యరసం తెచ్చే గొట్టం ఒకటి, పాంక్రియాస్ నుంచి, అదే క్లోమం నుంచి, వచ్చే గొట్టం ఒకటి. రెండూ పేగులోకి దిగే చోట గుమ్మం మాత్రం ఒకటే. గాల్‌బ్లాడర్‌లోంచి జారిన రాయి ఆ గుమ్మంలో ఇరుక్కుంది. దాంతో పాంక్రియాస్ వాచింది. అందుకే ఈ నొప్పి."

"సన్న రాళ్లేగా అండీ" అన్నారు కామేశం గారు ఆశగా.

"పెద్ద రాయి అయితే ఉన్నచోటే కూర్చుంటుందండీ. సన్నవాటికే షికార్లెక్కువ."

వాపు తగ్గడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఈలోగా ఆపరేషన్లు చేసే డాక్టరు వచ్చి, మామూలుగా అయితే ఇంటికి పంపేలోపే గాల్‌బ్లాడర్ తీసేస్తాం, ఉంచితే మళ్లీ ఇదే రావచ్చు అని చెప్పాడు. చూడ్డానికొచ్చిన బాజీ చొక్కా ఎత్తి తన పొట్ట మీది మూడు చిన్న మచ్చలు చూపించాడు. "తీయించేసుకోండి. నేను నెలలోపే సన్నాయి పట్టాను." కామేశం గారికి ఆ మచ్చలు చూస్తే కళ్లు తిరిగాయి. పక్కింట్లో కూరగాయల కత్తిపీట చప్పుడైతేనే ఇటు కిటికీ మూసే మనిషాయన.

ఆ సాయంత్రం గుండెకి ఎకో తీశారు. మత్తు డాక్టరూ, గుండె డాక్టరూ మాట్లాడుకుని, గుండె బలం బాగా తక్కువగా ఉంది, ఇప్పుడు పూర్తి మత్తిచ్చి ఆపరేషన్ చెయ్యడం రాళ్లకన్నా ప్రమాదం, ప్రస్తుతానికి వద్దు అని తేల్చారు.

ఆ మాట వినగానే కామేశం గారి మొహంలో వచ్చిన వెలుగు ఇన్ని రోజుల సెలైనుకి రాలేదు. ఫోను తీసి ముందు బాజీకి, తరవాత తోడల్లుడికి, ఆ తరవాత గూడెంలో శివాలయం పూజారికి చెప్పారు. "ఆపరేషన్ వద్దన్నారండీ! అక్కర్లేదుట!"

శ్యామల ఫోను లాక్కుంది. "ఏవండీ, వాళ్లు వద్దన్నది ఆపరేషనుని. రాళ్లని పొమ్మనలేదు."

ఆమె డాక్టరు స్నేహలతని పట్టుకుంది. తీయకుండా ఉంచితే మళ్లీ రాకుండా ఏం చెయ్యాలి? రాళ్లు కరిగే మందులు లేవా? మందులు కొన్ని రకాల రాళ్లకే పనిచేస్తాయి, అదీ నెలల తరబడి, వాటినొక్కటే నమ్ముకోలేం అంది డాక్టరు. కానీ దారి ఇంకోటి ఉంది.

"గాల్‌బ్లాడర్ సంచి జోలికి వెళ్లకుండా గుమ్మాన్ని వెడల్పు చేస్తామండీ. నోట్లోంచి కెమెరా ఉన్న గొట్టం పేగు దాకా దింపి, ఆ గుమ్మం దగ్గర చిన్న గాటు పెడతాం. ఇక ముందు రాయి జారినా ఇరుక్కోకుండా పేగులోకి పడిపోతుంది, చాలామటుకు. పొట్ట కొయ్యం. పూర్తి మత్తు అక్కర్లేదు."

"ప్రమాదం లేదా డాక్టరుగారూ?"

"ఉందండీ, లేదనను. కొద్దిమందికి ఆ గొట్టం వల్లే పాంక్రియాస్ వాస్తుంది. కొద్దిమందికి రక్తం కారుతుంది. అందుకే గుండెకి వాడే మాత్రల్లో ఒకటి, గుండె డాక్టరు సరేనంటే, కొన్నాళ్లు ఆపి అప్పుడు చేస్తాం. గాల్‌బ్లాడర్ అక్కడే ఉంటుంది కాబట్టి దానికి చీము పట్టచ్చు, నొప్పి రావచ్చు. అది వేరే సంగతి. కానీ మళ్లీ మళ్లీ పాంక్రియాస్ వాచడం కన్నా ఇది చాలా మేలు."

విజయవాడలో చేస్తానని తేదీ ఇచ్చింది. కామేశం గారు తలూపి, మందులు సంచిలో వేసుకుని, ఇంటికొచ్చి పంచాంగం తీశారు.

"శ్యామలా, ఆ తేదీకి శుక్ర మౌఢ్యమి వచ్చేస్తుంది."

"వస్తే?"

"మౌఢ్యమిలో ఏదీ మొదలుపెట్టకూడదు."

"గొట్టం మింగడం గృహప్రవేశమేమిటండీ? పోయినేడు ఎవరో గర్భిణి గురించి అడిగితే వైద్యానికి మూఢం లేదని మీరే చెప్పారు. నేను విన్నాను."

"అది ఆపద్ధర్మం."

"ఇది?"

ఆయన సంధ్యావందనానికి లేచారు. అప్పటికింకా మధ్యాహ్నం కూడా కాలేదు.

విజయవాడ తేదీ కన్నా ముందే మౌఢ్యమి వచ్చింది. మౌఢ్యమిలో పురోహితుడికి పెళ్లిళ్లుండవు. పని లేని మనిషి చేతిలో ఫోనుంటే ఏమవుతుందో అదే అయింది. ఎవరో ఒకాయన వీడియోలో కూర్చుని, గ్లాసుడు ఆలివ్ నూనెలో నిమ్మరసం పిండి తాగితే పొద్దున్నకల్లా రాళ్లన్నీ ఆకుపచ్చగా రాలిపోతాయని చెప్పాడు. గిన్నెలో రాళ్లు పోసి చూపించాడు కూడా. కామేశం గారు ఆ వీడియో మూడుసార్లు చూశారు. రాళ్లే పోతే గుమ్మంతో పనేముంది? గొట్టంతో పనేముంది? శ్యామల స్కూలుకి వెళ్లాక బజారుకెళ్లి ఆలివ్ నూనె తెచ్చుకున్నారు. సాయంత్రం ఆమె ట్యూషను పిల్లలతో వసారాలో ఉండగా పెరట్లో నిలబడి, ముక్కు మూసుకుని, గడగడా తాగేశారు.

మర్నాడు పొద్దున్న నిజంగానే పడ్డాయి. ఆకుపచ్చగా, గోళీల్లా, గుండ్రంగా! ఆయన ఆనందానికి అంతులేదు. ఎలా కడిగారో ఏమో, వాటిని హార్లిక్స్ సీసాలో వేసి మూత బిగించి, శ్యామల స్కూలుకి వెళ్లాక వసారా కిటికీ మీద పెట్టి, అటుగా వచ్చిన బాజీకి చూపించారు.

బాజీ సీసాని వెలుగుకేసి పట్టుకున్నాడు. "ఇంతింత రాళ్లు మీలోంచి వచ్చాయాండీ?"

"మరేమనుకున్నావు!"

"డాక్టరుగారు సన్న రాళ్లన్నారు కదండీ. గుమ్మం చిన్నదన్నారు. ఇవి అందులోంచి ఎలా పట్టాయంటారు?"

"వ్యాకోచించి ఉంటుందయ్యా" అన్నారు కామేశం గారు చిరాగ్గా. బాజీ కాఫీ తాగి వెళ్లాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే మేకు మళ్లీ దిగింది. అదే చోటు, అదే వీపు. ఈసారి గ్యాసు అని ఆయన ఒక్క క్షణం కూడా మభ్యపెట్టుకోలేదు. కబురందుకుని శ్యామల స్కూలు నుంచి ఆటో మాట్లాడుకుని వచ్చింది. బాజీకి ఫోను చేస్తే ఇంకా గూడెంలోనే ఉన్నాడు, కారు తెచ్చాడు. ఆ తొందరలోనూ కామేశం గారు బాజీతో, "ఆ సీసా తియ్యి" అన్నారు. డాక్టరుకి సాక్ష్యం చూపించాలని ఆయన ఆశ.

ఏలూరు చేరేసరికి ఎండకి సీసాలో గోళీలు లేవు. అడుగున పచ్చటి జిడ్డు మిగిలింది.

ఇంజెక్షను పనిచేసి, నొప్పి కాస్త సద్దుమణిగాక స్నేహలత ఆ సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది. "రాళ్లు ఎండకి కరగవండీ పంతులుగారూ. ఇది సబ్బు లాంటిది. నూనే, నిమ్మరసమూ మీ పేగులో కలిసి ఇలా ముద్దలు కట్టాయి. మీ రాళ్లు మీ దగ్గరే భద్రంగా ఉన్నాయి, స్కాన్‌లో చూశాను."

కామేశం గారు కళ్లు మూసుకున్నారు.

"నూనె అంత పడేసరికి గాల్‌బ్లాడర్ గట్టిగా పిండుకుంటుంది. రాయి దానివల్లే జారిందని ఖాయంగా చెప్పలేను. కానీ నాకైతే దానిమీదే అనుమానం. అదృష్టం, ఈసారి వాపు తక్కువే."

డాక్టరు వెళ్లిపోయింది. శ్యామల తిడుతుందని ఆయన ఎదురుచూశారు. తిడితే బాగుండునని కూడా అనుకున్నారు. ఆమె సంచిలోంచి బత్తాయి తీసి, ఆయన తినకూడదని గుర్తొచ్చి, మళ్లీ లోపల పెట్టేసింది.

"ఆ రోజు రైల్లో ఏలూరు దాకా ఎలా వచ్చానో నాకే తెలీదు" అంది చివరికి. "ఇవాళ ఆటోలోనూ అంతే. మీకు భయమేస్తే భయమని చెప్పండి. మౌఢ్యమి మీద పెట్టకండి, వీడియోల మీద పెట్టకండి. భయమంటే నేను నవ్వుతానా?"

కామేశం గారు దుప్పటి గొంతుదాకా లాక్కున్నారు.

"భయమే శ్యామలా" అన్నారు. "కోతంటే భయమే, అది నీకు తెలుసు. కానీ ఇది వేరు. గొంతులోంచి గొట్టం దింపుతారు కదా. తీశాక గొంతు రాకపోతే? నాకున్నది అదొక్కటే. గొంతు పోయిన పురోహితుడు ఎందుకు పనికొస్తాడు?"

శ్యామల నిజంగానే నవ్వలేదు. లేచి వెళ్లి డాక్టరుని మళ్లీ పిలుచుకొచ్చింది. "ఇదేదో ముందే అడగాల్సిందండీ" అంది స్నేహలత. గొట్టం వెళ్లేది తిండి వెళ్లే దారిలో, మాట వచ్చే దారి వేరు. ఒకటి రెండు రోజులు గొంతు గరగరలాడుతుంది, అంతే. "నిరుడు ఒక హరికథ భాగవతారు గారికి చేశానండీ. వారం తిరక్కుండా కథ చెప్పారు."

"ఏ కథ చెప్పారండీ?" అన్నారు కామేశం గారు.

"నేను వినలేదు గానీ, రాత్రంతా చెప్పారని వాళ్లావిడ ఫిర్యాదు చేసింది."

ఆ మాటకి ఆయన నొప్పిలోనూ నవ్వారు, నవ్వితే పొట్ట లాగి మూలిగారు.

వాపు తగ్గి, గుండె డాక్టరు సరేనన్నాక విజయవాడ వెళ్లారు. మౌఢ్యమి ఇంకా ఉంది. ఆయన పంచాంగం తీసుకురాలేదు. బల్ల మీద పడుకోబెట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టి, చేతికి సూది ఎక్కించారు. కామేశం గారు మనసులో మృత్యుంజయం మొదలుపెట్టారు. రెండోసారి మొదలుపెట్టినట్టు గుర్తు. మూడోసారి లేదు.

కళ్లు తెరిచేసరికి వేరే గదిలో ఉన్నారు. పక్కన శ్యామల ఉంది.

"ఎప్పుడు మొదలెడతారుట?" అని అడగబోయారు. గొంతు కప్పలా బెకబెకమంది.

"అయిపోయిందండీ. గుమ్మం వెడల్పు చేశారు. పైత్యరసం గొట్టంలో ఒక చిన్న రాయి, కాస్త బురద లాంటిదీ ఉంటే లాగేశారుట."

ఆ రాత్రంతా పొట్టలో నొప్పి వస్తుందేమోనని నర్సులు వచ్చి అడుగుతూనే ఉన్నారు. రాలేదు. పొద్దున్న శ్యామల కాఫీ కోసం కిందకి వెళ్లినప్పుడు ఆయన మెల్లిగా ఓంకారం పలికి చూసుకున్నారు. గరగరగానే అయినా పలికింది. పక్క మంచం పేషెంటు లేచి దణ్ణం పెట్టాడు.

ఇంటికి పంపేటప్పుడు స్నేహలత ముఖ్యంగా ఒకటే చెప్పింది. "పస్తులే మీ రాళ్లకి మేతండీ. ఆకలితో ఉన్నంతసేపూ పైత్యరసం సంచిలో నిలవుండి చిక్కబడుతుంది. వేళకి కొంచెం కొంచెం తినండి. నెయ్యి మానేసి ఎండిపోనూ వద్దు, ఒక్కసారిగా చిక్కిపోయినా రాళ్లు పెరుగుతాయి. జ్వరం, చలి, కళ్లు పచ్చబడడం కనిపిస్తే ఇంట్లో కూర్చోవద్దు. గుండె బలపడితే సంచి తియ్యడం గురించి అప్పుడు చూద్దాం."

శ్యామల ప్రతి మాటకీ తలూపింది. కామేశం గారు పస్తు దగ్గర ఆగిపోయారు. ఇన్నేళ్ల నిష్ఠ! ఇంటికొచ్చి రెండు రోజులు పుస్తకాలు తిరగేశారు. రోగికి వైద్యుడు చెప్పిన పథ్యం వ్రతభంగం కాదని పెద్దలు ఎప్పుడో చెప్పే ఉంచారు. ఈ సంగతి ఆయన కూడా పదిమందికి చెప్పిందే, తన మీదకి వచ్చినప్పుడు మాత్రం మర్చిపోయారు.

మౌఢ్యమి పోయి పెళ్లిళ్లు మొదలయ్యాయి. చింతలపూడిలో మొదటి పెళ్లికే కలకలం రేగింది. ముహూర్తానికి గంట ముందు పురోహితుడు టిఫిన్ల దగ్గర విస్తరి వేయించుకుని ఇడ్లీ తింటున్నాడని పెళ్లికూతురి తండ్రికి ఎవరో చెప్పారు. ఆయన పరుగున వచ్చాడు.

"పంతులుగారూ, ముహూర్తం దాటిపోదు కదండీ?"

"ముహూర్తం పెట్టింది నేనే కదండీ, నేను దాటనిస్తానా? ఆ పచ్చడి కాకుండా సాంబారు వెయ్యించండి."

మేళంలో కూర్చున్న బాజీ నవ్వు ఆపుకోలేక సన్నాయి పెదాల మీంచి దించేశాడు.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి. శ్రావణంలో కైకలూరులో పెళ్లి చేయించి వచ్చిన రాత్రి పొట్ట పైభాగంలో సన్నగా నొప్పి వచ్చింది. మేకు కాదు, సూది. కాసేపు ఉండి పోయింది. కామేశం గారికి నిద్ర పట్టలేదు. ఇదివరకైతే దాచేవారు. ఈసారి భార్యని లేపి, "శ్యామలా, కొంచెం నొప్పి వచ్చింది, భయంగా ఉంది" అన్నారు. ఆవిడ లేచి జ్వరం చూసింది, కళ్లు చూసింది. ఏమీ లేవు. తెల్లవారాక స్కూలుకి సెలవు చెప్పి ఆయన్ని ఏలూరు తీసుకెళ్లింది.

రక్తంలో పాంక్రియాస్ వాపు గుర్తులు లేవు. స్కాన్‌లో పైత్యరసం గొట్టం ఖాళీగా, శుభ్రంగా ఉంది. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు ఎప్పటిలా కాపురముంటున్నాయి.

"మరి రాత్రి వచ్చిందేమిటండీ?" అన్నారు కామేశం గారు.

"ఏదైనా చిన్న రాయి జారి, వెడల్పు గుమ్మంలోంచి పేగులోకి పడిపోయి ఉండచ్చండీ" అంది స్నేహలత. "లేకపోతే ఉత్త అజీర్ణం కావచ్చు. ఏదన్నదీ చెప్పలేను. పాంక్రియాస్‌కి మాత్రం ఏమీ కాలేదు. వచ్చి చూపించుకున్నారు, మంచి పని చేశారు."

బయటికి వచ్చేసరికి ఇంకా పది కూడా కాలేదు. వాన వెలిసి ఎండ మెత్తగా ఉంది. బాజీ కారు తెచ్చి చెట్టు కింద నిలబడి ఉన్నాడు. శ్యామల చేతిసంచి భుజాన వేసుకుని నిలబడింది.

"రోజంతా సెలవు పెట్టేశాను" అంది. "వృథా అయిపోతుంది."

"అయితే ఇంటికెళ్లి పడుకో."

"ఆటపాక వెళదామండీ. కొల్లేరు పక్కనే పుట్టి పెరిగాను గానీ, ఆ పక్షుల్ని ఒక్కసారీ పడవలో వెళ్లి చూడలేదు. అటు వెళ్లినప్పుడల్లా మీకు ఎవరిదో ఒకరి పెళ్లి."

కామేశం గారు బాజీ వంక చూశారు. "నాకేం పన్లేదండీ ఇవాళ" అన్నాడు బాజీ.

దారిలో వేడిగా ఉప్మా తిన్నారు. పడవ ఎక్కేటప్పుడు కామేశం గారు పంచె ఎగ్గట్టి, ఒక చేత్తో శ్యామల భుజాన్నీ, ఇంకో చేత్తో పడవ అంచునీ పట్టుకున్నారు. నీళ్లలో మోళ్ల మీద గూడబాతులు వరసలుగా కూర్చుని ఉన్నాయి. ఒకటి గొంతు కింద సంచి ఊపుకుంటూ రెక్కలు విప్పి, పడవ మీదుగా ఎగిరి అవతలికి వెళ్లింది. దాని గాలికి కామేశం గారి పిలక ఎగిరింది.

"ఎంత పెద్దదండీ!" అంది శ్యామల, టీచరని మర్చిపోయి చప్పట్లు కొడుతూ.

"భయంగా ఉంది శ్యామలా" అన్నారాయన.

ఈసారి మాత్రం ఆమె పకపకా నవ్వింది. ఆయనా నవ్వారు, పొట్ట పట్టుకోకుండా. పడవవాడు తెడ్డు వేసి, పక్షులు ఇంకా ఎక్కువున్న వైపుకి తిప్పాడు.